వెస్ట్ హైలాండ్ వేలో ఒక రోజు నడక: గుంటూరు నుంచి వెళ్లేవాళ్లు దేనికి సిద్ధపడాలి?

మీరు రాసింది క్లుప్తంగా మళ్లీ చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. మీది గుంటూరు బ్రాడీపేట, వయసు 54. అబ్బాయి స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో చదువుతున్నాడు. జూన్ రెండో వారంలో మీరూ మీ ఆవిడా అక్కడికి వెళ్తున్నారు. వెస్ట్ హైలాండ్ వే అనే పెద్ద కాలిబాటలో కింగ్స్‌హౌస్ నుంచి కిన్‌లాక్‌లెవెన్ వరకు ఒక రోజు ముగ్గురం నడుద్దామని అబ్బాయి అంటున్నాడు. మీరు ఏటా అలిపిరి మెట్లు ఎక్కుతారు. సుగర్ ఉంది గానీ మాత్రలతో అదుపులో ఉంది. మీ ఆవిడకి కుడి మోకాలు నొప్పి. యూట్యూబ్‌లో పొగమంచు కమ్మిన ఆ కొండ చూసి భయమేసింది. "డెవిల్స్ స్టెయిర్‌కేస్ అట, ఆ పేరు వింటేనే గుండె ఝల్లుమంటోంది, ఎక్కగలమా?" అని అడిగారు.

ఎక్కగలరు. అందులో నాకు అనుమానం లేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కే మనిషికి ఆ ఎక్కుడు పెద్ద లెక్క కాదు. కానీ మీరు అడగాల్సింది ఎక్కడం గురించి కాదు. దిగగలమా, తడి బట్టల్లో చలిగాలికి అయిదారు గంటలు తట్టుకోగలమా, ఇవీ అడగాల్సినవి. ఈ రెండూ మన ఊళ్లో ఉంటే అలవాటయ్యేవి కావు. ఇంకా రెండున్నర నెలల టైముంది కాబట్టి రెంటికీ సిద్ధపడొచ్చు. మీ ఆవిడ విషయం వేరు, దాని గురించి కింద విడిగా రాస్తాను.

నేను విజయవాడలో ఉంటాను. చలికాలం ఆదివారాల్లో కొండపల్లి, కొండవీడు, మంగళగిరి కొండలకి నడిచేవాళ్లని తీసుకెళ్తుంటాను. మా అమ్మాయి ఎడింబరోలో ఉండబట్టి ఆ బాట మొత్తం ఒకసారి నడిచాను, మీరు అడిగిన ముక్క మాత్రం చుట్టాలనీ స్నేహితులనీ వెంటబెట్టుకుని మళ్లీ మళ్లీ నడిచాను. అందరూ మన కృష్ణా, గుంటూరు వాళ్లే. అందుకే వాళ్లెక్కడ ఇబ్బంది పడతారో నాకు బాగా తెలుసు.

ముందు ఆ బాట సంగతి. గ్లాస్గో పక్కనున్న మల్గై నుంచి ఫోర్ట్ విలియం దాకా 154 కిలోమీటర్లు, 1980లో మొదలైంది. మొత్తం నడిచేవాళ్లు మామూలుగా వారం పెట్టుకుంటారు. మీరు నడవబోయే ముక్క సుమారు 14 కిలోమీటర్లు. కింగ్స్‌హౌస్ హోటల్ దగ్గర మొదలుపెడితే ముందు నాలుగైదు కిలోమీటర్లు పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు, ఎ82 అనే పెద్ద రోడ్డుకి దగ్గర్లోనే బాట సాగుతుంది. ఎడమ చేతి వైపు బూఖల్ ఎటివ్ మోర్ అనే కొండ నిలువుగా కనిపిస్తుంది, మబ్బు లేకపోతే. ఆల్ట్‌నఫే అనే చోట బాట రోడ్డుని వదిలేసి కుడికి తిరిగి పైకి పోతుంది. అదే డెవిల్స్ స్టెయిర్‌కేస్. పేరుకి స్టెయిర్‌కేస్ గానీ మెట్లు లేవు. వంకర్లు తిరుగుతూ పోయే రాళ్ల బాట. స్కాట్లండ్‌లో 1745లో జరిగిన తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ సైన్యం వేసిన మిలిటరీ రోడ్డు అది. ఆ కొండ మీదికి సరంజామా మోసిన సిపాయిలు తిట్టుకుంటూ పెట్టిన పేరంటారు. పైన ఎత్తు 548 మీటర్లు, మొత్తం వెస్ట్ హైలాండ్ వేలో అన్నిటికంటే ఎత్తయిన చోటు అదే. కానీ మీరు ఎక్కడం మొదలుపెట్టేదే సముద్రమట్టానికి దాదాపు మూడొందల మీటర్ల ఎత్తు నుంచి. అంటే అసలు ఎక్కుడు రెండున్నర వందల మీటర్లే. నెమ్మదిగా నడిచినా గంటలో పైన ఉంటారు.

ఇక అవతలి వైపు చూడండి. కిన్‌లాక్‌లెవెన్ ఊరు సముద్రపు పాయ ఒడ్డున ఉంది. అంటే పైనుంచి అయిదొందల మీటర్లకి పైగా దిగాలి. అదీ రాళ్లమీద, ఎనిమిది కిలోమీటర్ల దూరం. పైకి చేరగానే "అయిపోయింది" అనుకుని ఫొటోలు తీసుకుంటారు మనవాళ్లు. ఆ రోజు కష్టం మొదలయ్యేది అప్పుడే.

ఇంకో సంగతి గమనించారా? తిరుమలలో మనం మెట్లెక్కుతాం, దర్శనం చేసుకుంటాం, దిగేటప్పుడు బస్సెక్కేస్తాం. ఎక్కడానికి మొక్కుకుంటాం గానీ దిగడానికి ఎవరూ మొక్కుకోరు! ఏటా కొండెక్కే మనిషికైనా దిగుడు అలవాటు ఉండదు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కూర్చుంటే పోతుంది. దిగేటప్పుడు ఆయాసం రాదు కాబట్టి బాగానే ఉన్నామనుకుంటాం. తొడ ముందు కండరం మాత్రం ప్రతి అడుగుకీ సాగుతూ బరువుని ఆపుతుంది. బిగుసుకుంటూ చేసే పని కంటే సాగుతూ చేసే పనిలో కండరం ఎక్కువ దెబ్బతింటుంది. నొప్పి అప్పుడు తెలియదు. ఒక రోజు నుంచి మూడు రోజుల లోపు పట్టుకుంటుంది. తొడలు అలసిపోయాక బరువంతా మోకాలి మీద పడుతుంది, కాలు వణుకుతుంది, తడి రాయి మీద జారేది ఆ టైములోనే. నేను తీసుకెళ్లిన వాళ్లలో ఎక్కడంలో ఆగిపోయినవాళ్లు లేరు. కిన్‌లాక్‌లెవెన్ ఇంకో మూడు కిలోమీటర్లు ఉందనగా బాట పక్కన కూలబడ్డవాళ్లు మాత్రం ఉన్నారు. వాళ్లలో రోజూ జిమ్‌కి వెళ్లే కుర్రాడూ ఒకడు.

దీనికి మందు ఉంది, సులభమైందే. దిగుడు కండరానికి ఒకసారి పరిచయమైతే చాలు, తర్వాత కొన్ని వారాల పాటు అదే పనికి అంత నొప్పి రాదు. కాబట్టి వారానికి రెండుసార్లు దిగండి. ఎక్కింది ఎంతైనా సరే, దిగింది లెక్కపెట్టుకోండి. మీకు దగ్గర్లో మంగళగిరి పానకాల స్వామి మెట్లు ఉన్నాయి. కొండవీడు కూడా మీకు దగ్గరే. అక్కడ ఘాట్ రోడ్డు మీద నడిస్తే లాభం లేదు, తారు రోడ్డు దిగుడు వేరు. రాళ్లున్న పాత బాట పట్టుకోండి, స్థానికంగా తెలిసినవాళ్లని తోడు పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో గుంటూరు ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? తెల్లవారకముందే బయల్దేరి ఎనిమిదింటికల్లా కింద ఉండాలి. అంత దూరం వెళ్లలేని రోజు అపార్ట్‌మెంట్ మెట్లు చాలు: లిఫ్ట్‌లో పైకి వెళ్లి మెట్లమీద దిగండి, మళ్లీ లిఫ్ట్, మళ్లీ దిగుడు. వాచ్‌మన్ వింతగా చూస్తాడు, చూడనీండి. మొదటి వారం ఉత్త చేతులతో, తర్వాత వీపున అయిదు కిలోల సంచితో. బయల్దేరే ముందు వారం మాత్రం ఆపేసి మామూలుగా నడవండి.

చేతికర్రలు, అదే ట్రెక్కింగ్ పోల్స్, రెండు కొనండి. "మనకెందుకండీ ముసలాళ్లలాగా" అంటారు మనవాళ్లు. అక్కడ పాతికేళ్ల పిల్లలు కూడా వాడతారు. దిగేటప్పుడు కొంచెం పొడుగు చేసుకుని, కర్ర ముందు ఆనించి, తర్వాత కాలు వేయాలి. దీన్ని కూడా పానకాల స్వామి మెట్ల మీదే సాధన చేయండి. అక్కడికెళ్లి కొత్తగా మొదలుపెడితే కర్రే కాళ్లకడ్డం పడుతుంది.

ఇప్పుడు తడి, గాలి. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మన వాళ్లకి ఇదే ఎక్కదు.

విజయవాడలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఫోర్ట్ విలియంలో అది సుమారు రెండు వేలు. లెక్కలో రెట్టింపే గానీ తీరు పూర్తిగా వేరు. మన వాన కుండపోతగా పడి వెళ్లిపోతుంది, గంట తర్వాత ఉక్కపోత. అక్కడి వాన పడుతున్నట్టే ఉండదు. మబ్బు కొండమీద కూర్చుంటుంది, మీరు మబ్బులోపల నడుస్తుంటారు. ముందు కనుబొమల మీద, మీసాల మీద చిన్న చిన్న చుక్కలు పేరుకుంటాయి. జాకెట్ మీద నీళ్లు జారడం కనిపించదు గానీ చెయ్యి పెడితే తడి. అరగంటలో ప్యాంటు మోకాలి దగ్గర తొడకి అంటుకుంటుంది. చలికి మాత్రం ఇంకా వణకరు, నడుస్తున్నారు కాబట్టి. పైకి చేరాక అక్కడి రాళ్ల గుట్ట దగ్గర ఆగి, సంచి దించి, పులిహోర పొట్లం విప్పుతారు. అప్పుడు మొదలవుతుంది గాలి పని.

థర్మామీటర్ 8 డిగ్రీలు చూపిస్తున్నప్పుడు గంటకి 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి 3 డిగ్రీల చలిలా ఉంటుంది. అదీ పొడి ఒంటికి. తడి బట్టలతో ఇంకా ఎక్కువ. జూన్‌లో ఆ కొండ మీద 8 డిగ్రీలు, ఆ మాత్రం గాలి వింతేం కాదు. మీరు గుంటూరులో 42 నుంచి వెళ్తున్నారని మర్చిపోవద్దు.

ఒంటికి ఆనుకుని కాటన్ ఏదీ ఉండకూడదు. పత్తి పండించే గుంటూరు వాళ్లకి ఈ మాట చెప్పడం నాకూ బాగోలేదు గానీ తప్పదు. మనవాళ్లు పదిహేను వేలు పెట్టి జాకెట్ కొంటారు, లోపల మాత్రం అలవాటైన చేతుల బనియనే వేస్తారు. ఎక్కేటప్పుడు చెమటకి ఆ బనియన్ తడుస్తుంది. కాటన్ తడిని పట్టుకుని కూర్చుంటుంది, ఆరదు. పైన ఆగగానే వీపున ఐసు పెట్టినట్టు ఉంటుంది. బనియన్, డ్రాయర్, సాక్సు, టీషర్టు అన్నీ పాలియెస్టర్‌వో ఉన్నివో అయి ఉండాలి. జీన్స్ అయితే అసలు పెట్టెలోనే పెట్టకండి. ఆటలాడేవాళ్లు వేసుకునే మామూలు డ్రైఫిట్ టీషర్టు చాలు, మూడొందలకి మన బీసెంట్ రోడ్డులో కూడా దొరుకుతుంది. దానిమీద పల్చటి ఫ్లీసు స్వెటర్, దానిమీద వాన జాకెట్. సంచిలో ఇంకో పొడి స్వెటర్, ప్లాస్టిక్ కవర్లో చుట్టి. ఆ రెండో స్వెటర్ దిగేదాకా వాడకపోయినా మోయాల్సిందే.

వాన జాకెట్ కొనేటప్పుడు లోపల కుట్లమీద టేపు అంటించి ఉందో లేదో తిప్పి చూడండి. నీటి ఒత్తిడికి ఎంత తట్టుకుంటుందో మిల్లీమీటర్లలో రాస్తారు, 10,000 ఉంటే మీకు సరిపోతుంది. 2,000 అని ఉన్నది బస్టాండులో చినుకులకి బావుంటుంది. వాన ప్యాంటు కూడా కావాలి, మనవాళ్లు దాన్ని వదిలేస్తారు. బూట్లు విప్పకుండా తొడుక్కునేలా కింద జిప్పున్నది చూడండి. పాంచో (తలమీంచి వేసుకునే వదులు వానకోటు), గొడుగు రెండూ వద్దు, ఆ గాలికి పాంచో మొహానికి చుట్టుకుంటుంది. కొన్న జాకెట్‌ని ఇంట్లోనే పరీక్షించొచ్చు: తొడుక్కుని షవర్ కింద పది నిమిషాలు నిలబడండి, భుజాల మీదా మెడ దగ్గరా తడి దిగిందా చూసుకోండి. నవ్వుకోండి గానీ చేయండి.

తలకి మన మంకీ క్యాప్ బ్రహ్మాండంగా పనికొస్తుంది. లంబసింగి వెళ్లినప్పుడు కొన్నది ఎవరింట్లోనైనా ఉంటుంది, దాన్నే పట్టుకెళ్లండి. మీకు కళ్లజోడు ఉంటే మాత్రం దానికి తోడు ముందు అంచున్న టోపీ కూడా కావాలి. టోపీ పెట్టి దానిమీద జాకెట్ హుడ్ లాక్కుంటే అద్దాల మీద నీళ్లు తగ్గుతాయి. లేకపోతే దిగేటప్పుడు ఏ రాయి కదులుతుందో కనపడదు.

వేసుకోవడం ఎంత ముఖ్యమో విప్పడమూ అంతే. ఆల్ట్‌నఫేలో ఎక్కడం మొదలుపెట్టేముందు స్వెటర్ తీసేయండి. కాస్త చలిగా ఉన్నట్టు అనిపించాలి. పది నిమిషాలు ఎక్కితే ఒళ్లే వేడెక్కుతుంది. వెచ్చగా ఉందని అన్నీ వేసుకుని ఎక్కితే లోపలి నుంచి తడుస్తారు. పైన ఆగగానే, చలేసేదాకా ఆగకుండా, స్వెటర్ వేసుకోవాలి. పైన పది నిమిషాలకి మించి కూర్చోవద్దు. తినడం అవతల కొంచెం దిగి, గాలి మరుగు చూసుకుని.

ఎవరికైనా చలి మితిమీరిందా అని ఎలా తెలుసుకోవాలి? వణకడం ఒక్కటే గుర్తు కాదు. జిప్పు వేసుకోలేక తంటాలు పడడం, మాట ముద్దగా రావడం, అడుగు తడబడడం, ఎప్పుడూ లేనిది చిరాకు పడడం. ఈ నాలుగింట్లో రెండు కనిపించినా పొడి బట్టలు మార్చి, తీపి పదార్థం పెట్టి, వేడి టీ తాగించి కిందికి దించాలి. ఆ మనిషి "నాకేం కాలేదు" అనే అంటాడు, వినొద్దు. మీకు సుగర్ ఉంది కాబట్టి ఇంకో చిక్కుంది. సుగర్ పడిపోయినప్పుడు కూడా దాదాపు ఇవే గుర్తులు కనిపిస్తాయి. మీ అబ్బాయికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. అనుమానం వస్తే పరీక్ష తర్వాత, ముందు గ్లూకోజ్.

సుగర్ గురించి ఇంకొంచెం. మీరు వాడే మాత్ర ఏదో రాయలేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే నడకలో సుగర్ పడిపోయే భయం తక్కువ. గ్లిమెపిరైడ్ లాంటిది కూడా ఉంటే అయిదారు గంటల నడకకి పడిపోవచ్చు. ఆ రోజు డోసు తగ్గించాలా వద్దా అన్నది మీ డాక్టరుగారినే అడగండి, ఇక్కడ ఎవరు చెప్పినా వినకండి, నేను చెప్పినా సరే. గ్లూకోజ్ బిళ్లలు సంచిలో కాదు, జాకెట్ జేబులో ఉండాలి. గ్లూకోమీటర్‌ని లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకోండి, బాగా చలిగా ఉంటే అది రీడింగ్ ఇవ్వకుండా ఎర్రర్ చూపిస్తుంది. పాదాలు ముఖ్యం. స్పర్శ తగ్గిందేమో వెళ్లేముందే చూపించుకోండి. మీరు తిరుమల ఉత్త కాళ్లతో ఎక్కేవాళ్లయితే పాదం గట్టిగానే ఉంటుంది, కానీ తడి సాక్సులో నానిన చర్మం వేరు. బొబ్బ లేచాక కాదు, మడమ దగ్గర వేడిగా అనిపించిన వెంటనే ఆగి టేపు వేయాలి.

బూట్లు ఇక్కడే కొని, దిగుడు సాధన అంతా వాటితోనే చేయండి. మామూలు సైజు కంటే అర సైజు పెద్దవి, దిగేటప్పుడు వేళ్లు ముందుకి తగలకుండా. కాలిగోళ్లు రెండు రోజుల ముందు కత్తిరించుకోండి. సాక్సు రెండు జతలు.

టైము లెక్క. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు, ఇప్పటికీ అందరూ వాడతారు: అయిదు కిలోమీటర్లకి గంట, ఎక్కిన ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. ఆ లెక్కన మీ నడక మూడున్నర గంటల లోపే అవ్వాలి. అలవాటున్న స్కాట్లండ్ మనిషి లెక్క అది. దిగుడుకి అందులో చోటు లేదు, ఫొటోలకీ లేదు. మీరు ఆరు గంటలు పెట్టుకోండి. జూన్‌లో అక్కడ రాత్రి పదింటిదాకా వెలుతురు ఉంటుంది కాబట్టి చీకటి పడుతుందని పరుగెత్తక్కర్లేదు. ముందు రోజే వెళ్లి గ్లెన్‌కో దగ్గర్లోనో ఫోర్ట్ విలియంలోనో పడుకోండి. గ్లాస్గో నుంచి అదే రోజు బస్సెక్కి వచ్చి నడవడం కుర్రాళ్లకి సరే, మీకు వద్దు.

దారి తప్పుతామా అని కూడా అడిగారు. ఈ ముక్కలో ఆ భయం తక్కువ. బాట వెడల్పుగా, స్పష్టంగా ఉంటుంది, అక్కడక్కడా గుంజల మీద షడ్భుజిలో తెల్లటి ముళ్లపువ్వు గుర్తు కనిపిస్తుంది. పొగమంచులో ఇరవై మీటర్లకి మించి కనపడకపోయినా కాళ్లకింద బాట కనిపిస్తుంది. ఒకటే నియమం: షార్ట్‌కట్లు వద్దు, ముగ్గురూ విడిపోవద్దు. అబ్బాయి ముందు నడిచేసి పైన ఎదురుచూస్తానంటాడు, కుర్రాళ్లందరూ అంతే. ఒప్పుకోవద్దు. మబ్బులో విడిపోతే గాలికి కేకలు కూడా వినపడవు. ఫోన్లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఆపదలో 999కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, ముందు పోలీసు, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. వచ్చేవాళ్లు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు, డబ్బు తీసుకోరు. కొండల వాతావరణం కోసం ప్రత్యేకంగా సూచనలిచ్చే మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ అనే సైటు ఉంది. ఫోన్లో మామూలుగా కనిపించేది ఊరి వాతావరణం, దాన్ని నమ్ముకుని కొండెక్కకూడదు.

నిర్ణయం తీసుకోవాల్సిన చోటు ఆల్ట్‌నఫే. ఆ నాలుగైదు కిలోమీటర్లలో జాకెట్ కారుతోందా, మీ ఆవిడ మోకాలు ఏమంటోంది, గాలి ఎలా ఉంది, అన్నీ తేలిపోతాయి. అక్కడ రోడ్డు పక్కనే ఉంటుంది, వెనక్కి తగ్గడం తేలిక. పైకి వెళ్లాక రోడ్డు మళ్లీ కిన్‌లాక్‌లెవెన్‌లోనే. గాలికి నిలబడలేక అడుగు పక్కకి పడుతుంటే ఆ రోజుకి వద్దనుకుని కిందే తిరగండి, గ్లెన్‌కో లోయ కింద నుంచి చూసినా చూడదగ్గదే.

మీ ఆవిడ సంగతి. మోకాలి నొప్పి మెట్లు దిగేటప్పుడు ఎక్కువవుతుందా? అయితే ఈ దిగుడు ఆవిడకి వద్దు. కింగ్స్‌హౌస్ నుంచి ఆల్ట్‌నఫే దాకా మీతో నడవొచ్చు, హోటల్ చుట్టుపక్కల తిరిగే లేళ్లు కూడా కనిపిస్తాయి. అక్కడి నుంచి వాహనంలో కిన్‌లాక్‌లెవెన్ చేరి ఊరి పక్కనే ఉన్న గ్రే మేర్స్ టెయిల్ జలపాతం చూసుకుని మీకోసం ఎదురుచూడొచ్చు. అబ్బాయి స్నేహితులు ఎవరైనా కారు తీసుకొస్తే మరీ సుఖం.

లేదూ, ఆవిడ కూడా కొండ మీదికి రావాల్సిందే అంటే ఇంకో దారి ఉంది, చాలామందికి తట్టదు: తిరగేసి నడవడం. కిన్‌లాక్‌లెవెన్‌లో మొదలుపెట్టి ఆల్ట్‌నఫేలో దిగితే ఎక్కుడు అయిదొందల మీటర్లు దాటుతుంది గానీ దిగుడు సగమవుతుంది. ఎక్కడం మీకు వచ్చిన విద్యే, మోకాలికీ ఎక్కుడే మేలు. ఆల్ట్‌నఫేలో నడక ముగిస్తే దూరం కూడా నాలుగైదు కిలోమీటర్లు తగ్గుతుంది. ఇందులో నష్టం ఒకటే. అక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. అందుకే ఆ బాటని దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తారు, వాన వీపున పడుతుందని. తిరగేస్తే మొహాన కొడుతుంది. కాబట్టి ముందు రోజు సూచన చూసి, గాలి తక్కువగా ఉంటేనే ఇలా వెళ్లండి.

గాలి తక్కువైతే ఇంకో బాధ. మిడ్జ్ అనే నుసి దోమలు. మే ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా ఉంటాయి. కుట్టేది కొంచెమే గానీ వేలల్లో వచ్చి ముక్కులో, చెవుల్లో దూరతాయి. గాలి గంటకి పదీ పదకొండు కిలోమీటర్లు దాటితే ఎగరలేవు, నడుస్తుంటే కూడా అంతగా పట్టుకోవు. ఆగినచోటే ఇబ్బంది. తలకి తొడుక్కునే సన్న వల ఒకటి అక్కడ కొట్లో కొనుక్కోండి. గడ్డిలో కూర్చుంటే పిడుదులు కూడా ఎక్కుతాయి. గదికి చేరాక మోకాలి వెనక, నడుం దగ్గర చూసుకోండి. కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగేయాలి. వాటివల్ల లైమ్ అనే జబ్బు రావొచ్చు. కొన్ని వారాల్లో చుట్టూ ఎర్రటి వలయంలా వస్తే డాక్టరుకి చూపించాలి.

తిండి. కింగ్స్‌హౌస్ దాటాక కిన్‌లాక్‌లెవెన్ దాకా ఒక్క కొట్టు లేదు. అలిపిరిలో లాగా అడుగడుగునా మజ్జిగ, టీ, పైన రేకుల నీడ, తోడు నడిచేవాళ్ల గోవింద నామాలు, అవేవీ ఉండవు. పులిహోర మంచి ఎంపిక, చల్లారినా తినబుద్ధవుతుంది. పెరుగన్నం వద్దు, ఆ చలికి గొంతు దిగదు. పల్లీ చిక్కీ, ఖర్జూరం, జంతికలు జేబుల్లో వేసుకుని గంటకోసారి కొంచెం కొంచెం తినండి, మీ సుగర్‌కి కూడా ఒక్కసారి కడుపునిండా తినడం కంటే అదే మంచిది. ఫ్లాస్కులో టీ తప్పనిసరి. బాట పక్క వాగుల నీళ్లు చూడ్డానికి శుభ్రంగానే ఉంటాయి గానీ గొర్రెలు, లేళ్లు తిరిగే చోటు, శుద్ధి చేయకుండా తాగొద్దు. నీళ్లు మనిషికి లీటరున్నర మోసుకెళ్లండి. చలిలో దాహం తెలియదు, అయినా తాగాలి.

ఇన్ని చెప్పాక భయం పెరిగిందేమో. అలా అనుకోవద్దు. మబ్బు విడిపోయిన రోజు పైనుంచి ఉత్తరాన మామోర్స్ కొండల వరుస, వాటి వెనక 1,345 మీటర్ల బెన్ నెవిస్ కనిపిస్తాయి. దిగేటప్పుడు ఊరి దగ్గరికొచ్చేసరికి కొండ వాలున పెద్ద పెద్ద నీటి గొట్టాలు కనిపిస్తాయి. 1909లో పూర్తయిన బ్లాక్‌వాటర్ డ్యామ్ నుంచి అల్యూమినియం ఫ్యాక్టరీకి కరెంటు కోసం నీళ్లు తెచ్చిన ఏర్పాటు అది. ఆ డ్యామ్ కట్టిన కూలీలు జీతం రోజున ఇదే కొండ దాటి కింగ్స్‌హౌస్‌కి తాగడానికి వెళ్లేవాళ్లట, చలికాలంలో తిరిగొస్తూ మంచులో చనిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో కొందరి సమాధులు ఇప్పటికీ డ్యామ్ దగ్గరున్నాయి. మీరు వెళ్లేది జూన్‌లో, అదీ టీ తాగి. మే, జూన్ అక్కడ కాస్త వానలు తక్కువుండే నెలలే.

కిన్‌లాక్‌లెవెన్ చేరాక గదికి వెళ్లేలోపే తడి సాక్సు మార్చుకుని, పొడి టీషర్టు వేసుకోండి. అక్కడి నుంచి ఫోర్ట్ విలియంకి బస్సులున్నాయి గానీ మన ఆర్టీసీ లాగా అరగంటకొకటి ఉండదు, ఆదివారం మరీ తక్కువ. ఆఖరి బస్సు ఎప్పుడో ఆ తేదీకి టైమ్‌టేబుల్ చూసి పెట్టుకోమని అబ్బాయికి చెప్పండి. మీ మాత్రల పేర్లు, ఆవిడ మోకాలికి డాక్టరు ఏమన్నారో రాస్తే ఏ వైపు నుంచి నడవాలో ఇంకొంచెం కచ్చితంగా చెప్తాను.